విదియ నాటి పోటు

ఎనిమిది దాటి పదకొండు నిమిషాలైంది. మమత వెనక్కి తిరిగి చూసేసరికి తాము నడిచొచ్చిన ఇసుక లేదు.

అరగంట కింద అక్కడ తడి ఇసుక మీద రెండు వరసల అడుగులుండేవి. ఒక వరస తనది, రెండోది అత్త రాములవ్వది. అత్త కుడికాలు కొంచెం ఈడుస్తుంది కాబట్టి ఆ వరస పక్కనే ఒక గీత కూడా ఉండేది. ఇప్పుడు అడుగులూ లేవు, గీతా లేదు. బూడిదరంగు నీళ్ళున్నాయి. వాటి మీద పొగమంచు ఆనుకుని ఉంది. అల లేదు, చప్పుడు లేదు. పొయ్యి మీది పాలు మనం అటు తిరిగినప్పుడు గిన్నె అంచుకు వచ్చేసినట్టు వచ్చేశాయి.

"అత్తమ్మా, ఇగ పోదాం పా," అంది మమత. గొంతు మామూలుగానే ఉంచింది.

రాములవ్వ వినలేదు. పది అడుగుల దూరంలో నిలబడి, సముద్రంలో పుట్టిన ఆ పొట్టి చెట్లకేసి చూస్తోంది. చాలాసేపటినుంచి అలాగే చూస్తోంది.

మమతది జగిత్యాల జిల్లా మెట్‌పల్లి. అక్కడొక ప్రైవేటు బడిలో ఏడేళ్ళు సాంఘికశాస్త్రం చెప్పింది. భర్త గజేందర్‌కు ఖతార్‌లో గ్యాస్ కంపెనీ ఉద్యోగం పర్మినెంట్ అయ్యాక ఆ బడి మానేసి అల్ ఖోర్ వచ్చింది. మూడేళ్ళయింది. మొదటి ఏడాది కిటికీలోంచి కంపెనీ బస్సులు లెక్కపెట్టింది. రెండో ఏడాది, ఊరికే కూర్చోలేక, తానున్న ఊరి పాత సంగతులు వెతకడం మొదలుపెట్టింది. చేపల రేవు దగ్గరి కావలి బురుజులు ఎందుకు కట్టారు, ముత్యాల కోసం మునిగేవాళ్ళు ముక్కుకు ఏం బిగించుకునేవాళ్ళు, చమురు దొరక్కముందు మంచినీళ్ళు ఎక్కణ్ణుంచి తెచ్చుకునేవాళ్ళు. ప్రతి శుక్రవారం ఐదు నిమిషాలపాటు మాట్లాడి, అల్ ఖోర్ తెలుగు ఆడవాళ్ళ వాట్సాప్ గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టేది. వింటున్నారు. కొందరు వంట చేసుకుంటూ వింటున్నామని కూడా చెప్పారు.

కిందటి శుక్రవారం సంగతి ఊరి పక్కనున్న దీవి గురించి. మూడు వేల ఏళ్ళ కింద ఆ దీవి మీద జనం సముద్రపు నత్తల్ని కుప్పలు కుప్పలుగా పగలగొట్టి ఊదా రంగు తీసేవారట. రాజులు కట్టే బట్టలకు ఆ రంగట. మమత ఎంతో ముచ్చటగా చెప్పింది. పావుగంట తిరక్కుండానే శ్యామల జవాబు పెట్టింది: "నత్తలోంచి రంగా అండీ? మా ఊళ్ళో నత్తగుల్లలు కాలిస్తే సున్నమే వచ్చేది. మీ మెట్‌పల్లి నత్తలు వేరేమో."

శ్యామల ఒక ఖతారీ కుటుంబంలో వంట చేస్తుంది. నరసాపురం అవతల, సముద్రం ఒడ్డు ఊరు. తండ్రి చేపలవేటకు పోయేవాడు. ఆమె మాటకు ఇరవై మంది నవ్వు బొమ్మలు పెట్టారు. మమత కూడా ఒకటి పెట్టింది. కానీ ఆ మాట పంటి కింద రాయిలా మూడు రోజులు ఉండిపోయింది. నత్తగుల్ల ఫోటో ఒకటి తీసి పెడితే తప్ప లాభం లేదనుకుంది.

ఈ సోమవారం గజేందర్ అయిదింటి బస్సుకు డ్యూటీకి పోగానే కారు తాళాలు తీసుకుంది. అతనికి చెప్పలేదు. చెబితే మోకాళ్ళ నొప్పుల మనిషిని వెంటబెట్టుకుని అటెందుకంటాడు. రాములవ్వ విజిట్ వీసా మీద వచ్చి అయిదు వారాలైంది. మాల్‌కు రమ్మంటే రాదు, పార్కుకు రమ్మంటే రాదు. నలభై ఏళ్ళు బీడీలు చుట్టిన మనిషి, వెలుతురున్న కిటికీ దగ్గర చాప వేసుకుని కూర్చోవడమే ఆమెకు తెలుసు. అలాంటిది, సముద్రంలోని చెట్లదాకా పోయొస్తానని మమత అనగానే లేచి బూట్లు తొడుక్కుంది. మమత ఆశ్చర్యపోయింది గాని అడగలేదు.

జనవరి పొద్దు. దారంతా పలుచని మంచు ఉంది. ఎండ పడితే పోతుందనుకుంది. చెక్కవంతెన దాటి దీవి మీదికి వెళ్ళారు. అక్కడ రాళ్ళూ ఇసుకా తప్ప ఏమీ కనిపించలేదు. దీవి వెనక మాత్రం నేల బయటపడి ఉంది. విశాలంగా, తడిగా, అక్కడక్కడ మడుగులతో, అచ్చం ఎండాకాలంలో వాగులాగే. మమత రెండో ఆలోచన చేయలేదు. చిన్నప్పటినుంచి ఎండిన వాగులో నడిచింది, ఇసుకలో చెలమ తవ్వి నీళ్ళు తాగింది. వాగుకు నీళ్ళు రావాలంటే పైన వాన పడాలి. లేదంటే పైన ఎవరో తూము ఎత్తాలి. ఇక్కడ వానా లేదు, తూమూ లేదు. చెప్పులూ బూట్లూ దీవి అంచున విడిచి దిగారు. మోకాలి లోతు కూడా లేని ఒక పల్లం దాటి అవతలికి నడిచారు.

సముద్రం రోజుకు రెండుసార్లు పొంగుతుందని మమతకు తెలియక కాదు. ఆరో తరగతికి ఆ పాఠం ఏడుసార్లు చెప్పింది. బోర్డు మీద చంద్రుణ్ణి గీసింది, పరీక్ష పేపర్లు దిద్ది మార్కులు వేసింది. పాఠంలో ఉన్న సముద్రమూ, కాళ్ళ కింద ఉన్న ఈ ఇసుకా ఒకటేనన్న సంగతి మాత్రం ఒక్కసారీ తోచలేదు.

ఇప్పుడు తోచింది.

ముందు పల్లం దగ్గరికి పరుగెత్తింది. దిగి నాలుగు అడుగులు వేసేసరికి నీళ్ళు నడుముకొచ్చాయి. అడుగున ఏదో చెయ్యి పెట్టి లాగినట్టు నీళ్ళు పక్కకు ఈడ్చాయి. గబగబా వెనక్కి వచ్చింది. వచ్చి చూసుకుంటే ఇంకో సంగతి తెలిసింది. మంచు పలుచబడలేదు, చిక్కబడింది. దీవి ఏది, వంతెన ఏది, ఒడ్డు ఎటు? ఎటు చూసినా నలభై అడుగుల తర్వాత తెల్లటి గోడే.

గజేందర్‌కు ఫోన్ చేసింది. రింగవుతూనే ఉంది. ప్లాంటు లోపలికి ఫోన్లు తీసుకుపోనివ్వరు, అది లాకర్లో ఉంటుంది. పన్నెండు దాకా తీయడు. 999కు చేసింది. అవతలి మనిషి అరబిక్‌లో మొదలుపెట్టి హిందీలోకి వచ్చాడు. ఎందరున్నారు, వయసెంత అని నిదానంగా అడిగాడు. లొకేషన్ పంపించమన్నాడు, పంపింది. పడవ బయల్దేరుతుంది, మంచు వల్ల మెల్లగా వస్తుంది, మీరు ఎత్తైన చోటు చూసుకుని కదలకుండా ఉండండి అన్నాడు. మమత మ్యాప్ తెరిచి చూసింది. నీలి చుక్క గట్టి నేల మీద నిలబడి ఉంది. ఎత్తైన చోటు ఎక్కడా లేదు. నీళ్ళు చీలమండలు దాటాయి.

అప్పుడు ఫోన్ మోగింది. శ్యామల.

"మమతగారూ, ఆ ఫోటో ఎప్పుడు తీశారండి?"

ఇందాక నత్తగుల్ల దొరికినప్పుడు గ్రూపులో పెట్టిన ఫోటో అది. ఏడూ యాభైకి పెట్టింది. ఆ సంగతే మర్చిపోయింది.

"ఇందాకనే. ఎందుకు?"

"మీ గుల్ల వెనకాల పీతలన్నీ చెట్ల వేళ్ళమీదకి ఎక్కేసి కూర్చున్నాయండి. పోటు మొదలైతేనే అలా ఎక్కుతాయి. మీరు ఒడ్డుకొచ్చేశారు కదా?"

"లేదు. నీళ్ళలనే ఉన్నం," అంది మమత. ఆ మాట చాలు, శ్యామలకు అర్థమైంది. అక్కణ్ణుంచి ఆమె గొంతులో గారూ లేదు, వేళాకోళమూ లేదు. పక్కన ఎవరున్నారు, నీళ్ళు ఎంతున్నాయి, చెట్లు ఎంత దూరం అని టకటకా అడిగింది. మొన్న శనివారం పౌర్ణమి. ఇవాళ విదియ. నెలలో పెద్ద పోట్లు వచ్చే రోజులు ఇవే. నీళ్ళు ఇంకా చాలా ఎక్కుతాయి, ఆ ఇసుక మీదికి రావడం ఇప్పుడే మొదలైంది.

"ఒడ్డు వెతక్కండి. కనపడని ఒడ్డు వెతికితే కాలవలో పడతారు. చెట్టు పట్టుకోండి. లావుగా ఉన్న మడచెట్టు. మీకు కనపడేదాన్లో పెద్దది."

మమత ఫోన్ స్పీకర్లో పెట్టి, చున్నీ తలకు చుట్టి, ఆ చుట్టులో దాన్ని దోపింది. అత్త చెయ్యి పట్టుకుంది. పెద్ద చెట్టు ముప్పై అడుగుల దూరంలో ఉంది. దాని చుట్టూ పెన్సిళ్ళు పాతినట్టు వేళ్ళు నీళ్ళలోంచి పైకి పొడుచుకొచ్చి ఉన్నాయి. అరికాళ్ళకు గుచ్చుకుంటున్నాయి. సగం దూరం పోయేసరికి రాములవ్వ ఆగింది.

"కాలు వస్తలేదు," అంది.

కుడికాలు మోకాలిదాకా బురదలో ఉంది. దాన్ని తీయబోయి ఎడమకాలు గట్టిగా తొక్కింది, అదీ దిగింది. మమత రెండు చంకల కింద చేతులేసి లాగింది. తన కాళ్ళు కూడా కిందికి జారడం తెలిసింది. నీళ్ళు అత్త తొడలకొచ్చాయి.

"లాగకండి. మీరూ దిగిపోతారు," తలమీది చున్నీలోంచి శ్యామల అరిచింది. "ఆవిణ్ణి వెనక్కి పడుకోమనండి. నీళ్ళ మీద వెల్లకిలా. కాళ్ళు వాటంతటవే వదులవుతాయి."

మమత చెప్పింది. రాములవ్వ ఆమెకేసి తేరిపార చూసింది.

"బురదల పండాల్నా? నేనేమన్న బర్రెనా?"

"అత్తమ్మా, నీ కాళ్ళు మొక్కుత. పండు."

"చీర గుంజుతది."

నిజమే. ఆరు గజాల నేత చీర నీళ్ళు తాగి బురదతో కలిసి ఆమెను కిందికి కట్టేస్తోంది. మమత కుచ్చిళ్ళ మీద చెయ్యి వేసింది. రాములవ్వ ఆ చేతిని కొట్టింది. పెళ్ళై నలభై ఐదేళ్ళు, ఆరుబయట పైట జారనివ్వని మనిషి. నీళ్ళు ఆమె బొడ్డు దాకా వచ్చాయి. అప్పుడు తనే కళ్ళు మూసుకుని ముడి విప్పుకుంది.

పడుకున్నాక కాళ్ళు ఒకటొకటిగా వదిలాయి. మమత ఆమెను నీళ్ళ మీద తేలుస్తూ, తను మోకాళ్ళ మీద పాకుతూ చెట్టు మొదలు దాకా చేర్చింది. వేళ్ళు ముడిపడిన చోట అరికాలు ఆనేంత గట్టితనం ఉంది. అక్కడ నిలబెట్టి, చెట్టును కావలించుకోమంది. మడచెట్టు ఎత్తు రెండు మనుషులంత కూడా లేదు. కొమ్మలు చెయ్యంత సన్నం. ఎక్కి కూర్చునే వీలు లేదు. పట్టుకుని నిలబడాలి, అంతే.

కాసేపటికి హారన్ వినపడింది.

అది ఖాసీం. రాయచోటి మనిషి, శ్యామల పనిచేసే ఇంట్లోనే డ్రైవరు. పిల్లల్ని స్కూల్లో దింపి వస్తున్నవాణ్ణి శ్యామల ఒడ్డుకు పంపింది. తను వంటింట్లోనే ఉండి, రెండో ఫోన్లో అతణ్ణి నడిపిస్తోంది. అతని మాటలు ఒక ఫోన్లోంచి ఇంకో ఫోన్లోకి చిన్నగా వినిపించాయి: "అక్కా, వంతెన కాడుండాను. కనపడేది ఏమీ ల్యా. హారన్ కొడతాండా, ఇనపడతాందేమో అడుగు."

వినపడుతోంది. కానీ హారన్ ఎడమవైపునుంచి వస్తోంది. అటు నడిసముద్రం ఉందని ఆమె ఇంతసేపూ అనుకుంటోంది. ఇందాక శ్యామల చేయకపోతే తను అత్త చెయ్యి పట్టుకుని కుడివైపుకే నడిచేది. ఆ ఆలోచనలో అత్త చెయ్యి మీద పట్టు సడలింది.

"గదో మోటరు," అంది రాములవ్వ. "మనిషి గింత దగ్గరుంటే చెట్టు పట్టుకొని నిలబడుడేంది. నడు."

"నడవకండి," ఫోన్లోంచి శ్యామల. "మధ్యలో కాలవుంటది. మీరు పొద్దున దాటింది అదే."

రాములవ్వకు ఫోన్లో మాటలు ఎప్పుడూ సరిగ్గా వినపడవు. హారన్ మళ్ళీ మోగింది. చెట్టు వదిలి మూడు అడుగులు వేసింది. నాలుగో అడుగుకు మనిషి లేదు.

నీళ్ళ మీద తెల్లటి కొప్పు ఒక్కటి పక్కకు కొట్టుకుపోవడం మమతకు కనిపించింది. ఎడమచేత్తో కొమ్మ పట్టుకుని, ఒళ్ళంతా చాపి, కుడిచేత్తో ఆ కొప్పు అందుకుంది. వేళ్ళు జుట్టులో దిగాయి. కొమ్మ వంగింది, పెళపెళమంది, విరగలేదు. ఎంతసేపు లాగిందో తెలియదు. అత్త తల పైకి వచ్చింది. దగ్గింది, కక్కింది, మళ్ళీ దగ్గింది. మమత ఆమెను చెట్టుకు ఆనించి, ఇందాక విప్పేశాక కొట్టుకొచ్చి చెట్టు వేళ్ళకు చిక్కుకున్న చీరను దొరకబుచ్చుకుని ఇద్దరి నడుములకూ చెట్టుకూ కలిపి మూడు చుట్లు చుట్టింది. తడి ముడి వేసింది. ఇక కదలడమనేది లేదు.

పడవ ఇంజను చప్పుడు ఒకసారి దూరంగా వినిపించింది. దగ్గరికి వచ్చినట్టే వచ్చి అటే పోయింది. మళ్ళీ 999కు చేస్తే, ఆ చెట్ల మధ్య దారి వెతుకుతున్నారని చెప్పారు. ఒడ్డున పడవలు అద్దెకిచ్చేవాళ్ళను అడిగి ఖాసీం ఒక కబురు తెచ్చాడు. ఇవాళ పోటు పది నలభైకి నిలుస్తుంది. అప్పుడు టైము తొమ్మిది ఐదు.

గంటా ముప్పై అయిదు నిమిషాలు. నీళ్ళు మమత నడుము మీదికి వచ్చాయి. పొట్టి మనిషైన రాములవ్వకు గుండెల దాకా వచ్చాయి.

ఇక్కడ జనం జనవరిని చలికాలమంటే మమత నవ్వేది. ఇప్పుడు నవ్వలేదు. నీళ్ళు ఎముకల్లోకి దిగుతున్నాయి. రాములవ్వ పెదాలు నల్లబడ్డాయి. పళ్ళు కొట్టుకోవడం మొదలై, కాసేపటికి ఆగిపోయింది. ఆగడం మంచిదనుకుంది మమత. నిద్ర రానివ్వకండి అని శ్యామల చెప్పాక మంచిది కాదని తెలిసింది. చలికి ఒళ్ళు వణకడం మానేస్తే మనిషి జారిపోతున్నట్టట. వేటకుపోయి తిరిగొచ్చినవాళ్ళు చెప్పేవారట.

"అత్తమ్మా, కండ్లు తెరువు. ఏమన్న మాట్లాడు."

రాములవ్వ తెరిచింది. చెట్టుకేసి చూసింది. నీళ్ళలో సగం మునిగిన ఆకులకేసి చూసింది.

"మీ మామ నిజమే చెప్పిండు," అంది.

మామ రాజనర్సు పోయి పన్నెండేళ్ళయింది. ఆయన ముప్పై అయిదేళ్ళ కిందట రెండేళ్ళు దుబాయ్‌లో పనిచేశాడని తప్ప మమతకు ఇంకేమీ తెలియదు. ఆ ఇంట్లో ఎవరడిగినా అంతే చెప్పేవాళ్ళు.

"గది దుబాయ్ గాదు. ఈడనే. పాస్‌పోర్టుల గీ ఊరి ముద్రే ఉండె," అంది రాములవ్వ, మాటలు నాలుకకు అతుక్కుంటుంటే. "ఈడ పైపులు వేసిండ్రు. ఉత్తరం రాయరాదు గద, క్యాసెట్ల మాట్లాడి పంపిండు. వాడకట్టు వాడకట్టంత కూసోని విన్నరు. ఈడ చెట్లు సముద్రంల నిలబడ్డయే రాములూ, అన్నడు. పొద్దుగాల నీళ్ళు ఎవలో తాగినట్టు పోతయట. మల్ల ఎవలు పొయ్యకుండనే వస్తయట. చెట్టు మునుగుతది గని సావదట. అందరం నవ్వినం. నేను గుడ నవ్విన. దుబాయ్ పోయినోడు ఇంటికాడోళ్ళకు అబద్ధాలే చెప్తడనుకున్న. ఆయన వచ్చినంక గుడ ఎన్నడు అడగలే. సచ్చేదాంక అడగలే." ఆగింది. "చూడాల్నని వస్తి. చూస్తి."

ఆ చివరి మాటలో తృప్తి ఉంది. బీడీల గంప కట్టేసి, దారం తెంపి, ఇవాల్టికి ఇంక చాలని చేతులు దులుపుకున్న మనిషి గొంతు అది. ఆ గొంతు విని మమతకు నీళ్ళను చూసినప్పటికంటే ఎక్కువ భయమేసింది. అత్త కళ్ళు మూతపడుతున్నాయి. తల పక్కకు వాలుతోంది.

మమత ఏదేదో అడిగింది. క్యాసెట్ ఎవరు తెచ్చారు, టేప్‌రికార్డర్ ఎవరిది, మామ ఇంకేం చెప్పాడు. మూడు వేల ఏళ్ళనాటి నత్తల సంగతి ఊరందరికీ చెప్పింది గాని, ఇంట్లో చాప మీద కూర్చున్న మనిషిని ఇదెన్నడూ అడగలేదు. ఇప్పుడు అడుగుతుంటే జవాబులు తగ్గిపోతున్నాయి. ఊఁ అంటోంది. ఆ ఊఁ కూడా ఆగింది. చెంప మీద కొట్టింది. లాభం లేదు. నీళ్ళు ఆమె మెడకు రెండు వేళ్ళ కిందికి వచ్చాయి. మమత మోకాలు వంచి, అత్తను తన తొడ మీదికి ఎత్తుకుంది, చిన్నపిల్లను చంకనేసుకున్నట్టు. ఇద్దరి బరువూ ఒక కాలి మీద పడింది.

అప్పుడు ఆమెకు ఒక్కటే తోచింది.

"అత్తమ్మా, నీ పప్పుచారు మంచిగుండది," అంది చెవిలో.

రాములవ్వ కనుబొమ్మ కదిలింది.

"పెండ్లయినకాడి నుంచి చెప్తలేను. చింతపండు నీళ్ళే అది. నీ కొడుకు గుడ నా చారే తింటడు. నువ్వు చేసిన్నాడు కంపెనీల తిన్నని అబద్ధమాడుతడు."

"ఏందీ?" అంది రాములవ్వ.

"పోపు వెట్టుడు గుడ నీకు రాదు. మాడగొడ్తవు."

"పదేండ్లు గిన్నెలు గీకి తిని, గిప్పుడు చెప్తున్నవా?" ముసలావిడ కళ్ళు పూర్తిగా తెరుచుకున్నాయి. "నీ అవ్వ చేసిన చారు నాకెరుకలేదా? పెండ్లిచూపులప్పుడు తాగలేక గోడకాడ పారబోసిన."

"ఇంకేం పారబోసినవు? చెప్పు."

చెప్పింది. వియ్యపురాలి మీద, ఆడపడుచుల మీద, గజేందర్ చిన్నప్పటి మొండితనం మీద, బీడీ ఆకులో కోత పెట్టే కమీషన్‌దారు మీద. తిట్టింది, దగ్గింది, మళ్ళీ తిట్టింది. తిట్టే కొద్దీ ఒళ్ళు మళ్ళీ వణకడం మొదలైంది. మమత ఆ వణుకును గట్టిగా పట్టుకుంది. తన కాలు మాత్రం తనదిగా అనిపించడం మానేసి చాలాసేపయింది. పది దాటింది. పది ఇరవై. ఫోన్ బ్యాటరీ ఆరు శాతం. నీళ్ళు మమత గొంతు గుంటలోకి వచ్చాయి. గడ్డం పైకెత్తింది. ఇంకో జానెడు ఎక్కితే ఇద్దరిలో ఒకరినే పైకి ఎత్తగలదు. ఎవరినన్నది ఆలోచించాల్సిన పనిలేదని తెలుసు. గజేందర్ లాకర్ తెరిచి ఫోన్ చూసుకునే నిమిషం మాత్రం కళ్ళ ముందుకు వచ్చింది.

"నీళ్ళమీద ఆకులున్నాయా?" శ్యామల అడిగింది. "ఎటు పోతున్నాయో చూస్తా ఉండండి."

ఒక పండుటాకు చెట్టు పక్కనుంచి లోపలికి పోతోంది. ఇంకొకటి దాని వెనకే. మూడోది మెల్లగా వచ్చింది. వాళ్ళ ముందుకు వచ్చి, కొంచెం తిరిగి, ఆగింది.

మమత ఊపిరి తీయడానికి కూడా భయపడింది. తన ఊపిరికే అది కదులుతుందేమోనని. ఆకు అక్కడే ఉంది. చాలాసేపు ఉంది. తర్వాత వచ్చిన దారినే, మరీ నిదానంగా, వెనక్కి జరిగింది.

"ఆగింది," అంది మమత. "మల్లుతున్నది."

అటువైపు శ్యామల ఏడుపు వినిపించింది. ఆ వెంటనే ఫోన్ ఆరిపోయింది.

మంచు విచ్చుకున్నాక చూస్తే వంతెన రెండు వందల అడుగుల దూరంలో కూడా లేదు. దాని మీద ఖాసీం కారు పక్కన పదిమంది జనం నిలబడి ఉన్నారు. మధ్యలో కాలువ నిండుగా, నల్లగా ఉంది. పడవ చెట్ల మధ్యలోంచి వచ్చేసరికి పదకొండు దాటింది. చీర ముడి విప్పడం ఎవరికీ రాలేదు, కత్తితో కోశారు. రాములవ్వను ముందు ఎక్కించబోతే కుదరలేదు. మమత ఆమె మణికట్టు పట్టుకుని ఉంది. వదలమన్నారు. వదులుదామనే అనుకుంది, వేళ్ళు విచ్చుకోలేదు. ఇద్దరినీ కలిపే ఎక్కించారు.

ఆసుపత్రిలో వెచ్చని దుప్పట్ల కింద గంట గడిచాక, ముసలావిడకు ప్రమాదం తప్పినట్టేనని, అయినా ఊపిరితిత్తుల్లోకి నీళ్ళు పోయాయి కాబట్టి రెండు రోజులు చూడాలని డాక్టరు చెప్పింది. గజేందర్ డ్యూటీ బట్టల్లోనే వచ్చాడు. మంచం కాళ్ళ దగ్గర నిలబడి తల్లిని చూశాడు, భార్యను చూశాడు. జారిన దుప్పటిని తల్లి కాళ్ళ మీదికి లాగాడు.

రాములవ్వ కళ్ళు తెరిచింది. కొడుకును పట్టించుకోకుండా మమత వైపు తిరిగింది.

"పప్పుచారు మాట నిజమేనా?"

"అబద్ధమత్తమ్మా. నిన్ను పండనియ్యొద్దని అన్న."

రాములవ్వ ఆమె మొహంలోకి చూసింది.

"దుబాయ్ వచ్చినోళ్ళంత గిట్లనే చెప్తరు," అని అటు తిరిగి పడుకుంది.

నర్సు వచ్చి, సూది పెట్టాలి, చెయ్యి తీయమంది. మమత చెయ్యి తీసి అత్త రెండో మణికట్టు పట్టుకుంది. వేళ్ళ కింద నాడి సన్నగా, తొందరగా కొట్టుకుంటోంది. అది ఎక్కడ ఆగుతుందోనని, ఒకటి రెండు మూడు అని లోపల లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.